నా పేరు పోయిన చోటు

విశాఖపట్నంలో అచ్చయ్యే ఆ వారపత్రిక పేరు నేనిక్కడ రాయను. రాస్తే దానికి ఉత్తపుణ్యానికి ప్రచారం చేసినట్టవుతుంది. కోర్టు కాగితాల్లో దాన్ని 'ప్రతివాది' అన్నాను. ఇంట్లో అన్న మాట మా అమ్మ విని, "వకీలువి, నోరు కడుక్కో" అంది.

నా పేరు రామతులసి. పుట్టింది బచేలి కంపెనీ టౌన్‌షిప్‌లో, నాన్న గనిలో ఫిట్టరు. 2003లో దంతెవాడ కోర్టులో తెలుగు వచ్చిన వకీలును నేనొక్కదాన్నే. నూకమ్మ నా దగ్గరికి వచ్చింది అందుకే, నా తెలివితేటలు చూసి కాదు.

నూకమ్మ కిరండూల్ రైల్వే రన్నింగ్ రూమ్‌లో పద్దెనిమిదేళ్లు వంట చేసింది. ఖనిజం బళ్లు నడిపే డ్రైవర్లు, గార్డులు ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య తిని పడుకునే చోటు అది. మొగుడు గ్యాంగ్‌మన్‌గా పనిచేస్తూ పోయాడు. అప్పటినుంచి ఆ వంటగదే ఆమె బతుకు. ఆమె పప్పుచారు కోసం డ్యూటీ మార్పించుకున్న డ్రైవర్లున్నారని కాలనీలో చెప్పుకునేవారు.

అంతకు ముందేడు వానల్లో బచేలి దాటాక, కొండను తొలిచి పట్టాలు వేసిన చోట ఒక బండరాయి జారి పడింది. ఖనిజం బండి పట్టాలు తప్పింది. డ్రైవరు జయరావు కాలు విరిగింది, ప్రాణం దక్కింది. రాయి తప్ప ఎవరి తప్పూ లేదని విచారణలో తేలింది. ఆ రాయి మీద కథ అల్లడం కుదరక కాబోలు, ఆ వారం పత్రికలో ఈ శీర్షిక పెట్టారు: 'కిరండూల్ వంటగదిలో ఇప్పసారా'. డ్యూటీ ఎక్కబోయే డ్రైవర్లకు నూకమ్మ అనే వంటమనిషి గ్లాసులు నింపి ఇస్తుందట, బండి పడిపోవడానికి కారణం అదేనట. పేరుతో సహా వేశారు. విశాఖలో కూర్చున్నవాళ్లకు ఆ పేరు ఎవరు చెప్పారో మాకు అర్థం కాలేదు.

వారం తిరక్కుండా కాంట్రాక్టరు ఆమెను పనిలోంచి ఆపేశాడు. అది ఒక దెబ్బ. దానికి ఆమె ఏడవలేదు. రెండో దెబ్బ కొత్త అమావాస్యకు తగిలింది. కిరండూల్ రైల్వే కాలనీలో ఏటా నూకాలమ్మ పండగ చేస్తారు. ఊరేగింపులో మొదటి ఘటం పద్దెనిమిదేళ్లుగా నూకమ్మ నెత్తిమీదే వెళ్లేది. ఆ ఏడు పెద్దలు దాన్ని ఇంకొకరి నెత్తికెత్తారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె తలంటు పోసుకుని, పసుపు చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి ఊరేగింపు వెళ్లిపోవడం చూసింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

"కేసెయ్యాల వకీలమ్మా," అంది. "నాను సారా పొయ్యనేదు. ఆ మాట జడ్జీ నోట రావాల."

పరువు నష్టం దావా వేశాం. విశాఖ నుంచి చక్రధరరావుగారనే పెద్ద వకీలు వచ్చారు. నెరిసిన జుట్టు, మంచి తెలుగు, ఇంకా మంచి హిందీ. కేసులో నిజానిజాల జోలికి పోకుండా ఆయన ఒక దరఖాస్తు పెట్టారు. పత్రిక ఆంధ్రప్రదేశ్‌ది, అచ్చయ్యేది అక్కడ, అమ్ముడయ్యేది అక్కడ. ఛత్తీస్‌గఢ్ కోర్టుకు ఈ దావా వినే అధికారమే లేదు. కావాలంటే ఆమె విశాఖ వచ్చి వేసుకోవచ్చు.

చట్టం ఈ విషయంలో మరీ మెలికలేమీ తిరగదు. ప్రతివాది ఉండే ఊరు ఒకటి, తప్పు జరిగిన ఊరు ఇంకొకటి అయితే, రెండింటిలో ఎక్కడ దావా వేయాలో వాది ఇష్టం. తప్పు ఎక్కడ జరిగిందన్నదే తగాదా. అచ్చు వేసిన చోటే జరిగిందని ఆయన అంటారు. జనం చదివి ఆమెను చిన్నచూపు చూసిన చోట జరిగిందని నేనంటాను. అంటే పత్రిక కిరండూల్ వచ్చిందనీ, ఇక్కడి మనుషులు దాన్ని నమ్మారనీ నేను రుజువు చెయ్యాలి.

విశాఖ వెళ్లి కేసు నడపమంటే నూకమ్మకు కేసు మానుకోమని చెప్పినట్టే. పొద్దున్న ఎక్కితే రాత్రికి దించే బండి. అక్కడ ఒక వాయిదా, తిరుగు బండి, మళ్లీ వాయిదా. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నూకమ్మకు తోచిన కారణం మాత్రం నాకంటే బాగుంది.

"ఇశాపట్నంలో నన్నెవులెరుగుదురమ్మా?" అంది. "అక్కడ నాకు పేరే నేదు, పోడానికి. నా పేరు పోయింది ఇక్కడ."

మొదటి సాక్షిగా అప్పలకొండను పిలిచాను. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌కి మేస్త్రీ, పండగ పెద్ద. ఘటం మార్చింది ఆయన మాట మీదే. జరిగింది జరిగినట్టు చెప్పమని ముందురోజు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన బుద్ధిగా తల ఊపాడు.

బోనెక్కి చేతులు కట్టుకున్నాడు. "మా నూకమ్మ దేవతండి," అన్నాడు హిందీలో. "ఆ పేపరేదో మాకు తెలవదు. మా కాలనీలో ఎవులూ అలాటియి నమ్మరు. ఆమె పరువుకి ఏటీ అవ్వనేదు."

చక్రధరరావుగారు లేచి, సాక్షికి నమస్కారం పెట్టి, అడగడానికి తనకేమీ లేదన్నారు. ఎందుకుంటుంది? పేపరు రాలేదు, పరువు పోలేదు. నా సాక్షే ఆయన కేసు గెలిపించి పెట్టాడు.

బయటికి వచ్చాక అప్పలకొండ సమోసాలు కొని తెచ్చి, మెప్పుకోసం మా ముందు నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ కొనలేదు. నేనీ లైన్ మీదే పెరిగాను కాబట్టి నాకు తెలుసు. నాలుగు భాషల మధ్య, పరాయి రాష్ట్రంలో బతికేవాళ్లం. మనలో మనం ఎంతైనా తిట్టుకోవచ్చు గాని, బయటివాళ్ల ముందు మన మనిషి గురించి చెడ్డమాట అనకూడదు. ఆ మర్యాదతోనే ఆయన ఆమె కొంప ముంచాడు. నూకమ్మ ఆ సమోసా ముట్టుకోలేదు. నేను బస్సు దిగేటప్పుడు, "సోమారం పొద్దున్న మా కాలనీకి రా. ఆ పేపరోళ్ల కాగితం తే," అంది.

సోమవారం ఎందుకో నాకు తెలుసు. ఆదివారం రాత్రి విశాఖ బండిలో ఆ వారపత్రిక కిరండూల్ చేరుతుంది. మర్నాడు పొద్దున్న గ్యాంగ్‌వాళ్ల రేకుల షెడ్డులో భూషణం దాన్ని పైకి చదువుతాడు. ఆయన బళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆదివారం తెలుగు చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. కాలనీలో సగంమందికి చదువు రాదు, వచ్చినవాళ్లకు కూడా భూషణం గొంతులో వింటేనే తృప్తి. ఆయన చదివితే ధరల పట్టికైనా దేవుడి మాటలాగే ఉంటుంది. నూకమ్మ మీద రాసినదాన్నీ ఆయన అదే గొంతుతో, ఒక్క ముక్క వదలకుండా, ఆమె ఎదురుగానే చదివాడు.

మేం వెళ్లేసరికి ముప్ఫైమంది దాకా కూర్చున్నారు. అందరి బట్టల మీదా ఎర్ర దుమ్ము. భూషణం కళ్లజోడు సర్దుకుంటున్నాడు. నూకమ్మ ఆయన చేతిలో పేపరు లాక్కుని మడిచి చంకలో పెట్టుకుంది.

"అప్పలకొండ మావా, కోర్టులో నన్ను దేవతన్నావు. దేవత నెత్తిమీంచి ఘటం ఎందుకు దించీసినావు?"

అప్పలకొండ అటూ ఇటూ చూశాడు. "అది ఇంటి మాటే, నూకమ్మా. ఇంటి మాట కోర్టులో సెప్తామేటి?"

"సెప్పాల. నా ఎనకాల ఏటనుకున్నారో అదే సెప్పాల. మీ పొగడ్త నాకొద్దు. మీరు తిట్టిన తిట్టు గావాల నాకు!"

ఆమె భూషణం వైపు తిరిగింది.

"నన్నెందుకు సూస్తావు, సెల్లీ?" అన్నాడాయన. "నాను రాసినానేటి? ఉన్నది సదివినాను, అంతే."

"వకీలమ్మా, ఆళ్ల కాగితంలో మూడో పేరా సదువు. తెలుగులో సెప్పు."

ఆ దరఖాస్తు వచ్చిన రోజే అంతా ఆమెకు తెలుగులో చెప్పాను, కానీ ఆమె ఎత్తు ఇప్పుడు గాని నాకు అర్థం కాలేదు. దరఖాస్తు తీసి, హిందీ చూస్తూ తెలుగులో చదివాను. 'కిరండూల్‌లో మా పత్రికకు ఏజెంటు గాని, విలేకరి గాని లేరు. మా పత్రిక కాపీ ఒక్కటి కూడా అక్కడికి పంపలేదు. దంతెవాడ జిల్లాలో తెలుగు చదివి అర్థం చేసుకునేవారు లేరు.'

"మళ్లా సదువమ్మా," అన్నాడు భూషణం.

మళ్లీ చదివాను. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పదకొండేళ్లుగా ప్రతి బుధవారం ఆ పత్రికకు కార్డు రాస్తున్న మనిషి. కాలనీలో పెళ్లిళ్లు, చర్చి పండగలు, బదిలీలు అన్నీ 'లైన్ కబుర్లు' అని చివరి పేజీలో వచ్చేవి. అందుకు ప్రతి వారం ఆరు కాపీలు గార్డు చేతికిచ్చి పంపేవారు. మన విలేకరిగారు అని పిలిస్తే ఆయన ముఖం వెలిగిపోయేది.

"మరి నానెవుల్ని?" అన్నాడు ఆయన, ఎవరినీ చూడకుండా.

"నా మీద రాసిన అబద్ధం నువ్వు సదివినావు, అన్నయ్యా," అంది నూకమ్మ. "నీ మీద రాసిన అబద్ధం నాను సదివించినాను. ఎలాగున్నాది?"

భూషణం ఒళ్లోని కళ్లజోడు తీసి తుడుస్తూ అన్నాడు. "నీ పేరు ఆళ్లకి నానే ఇచ్చినాను, సెల్లీ. సెడ్డకి కాదు. రాయి జారి బండి పడిందని రాసినాను. నూకమ్మ సేతి అన్నం తిని ఎల్లిన జయరావు, పెబువు దయ, బతికినాడని రాసినాను. సారా మాట నాది కాదు. నానూ పేపర్లోనే సూసినాను. అయినా సదివినాను. సదవకపోతే నాదే తప్పని తెలిసిపోద్దని."

పెళ్లి కబుర్లు రాసే ఆ మనిషి మీద మాలో ఎవరికీ అనుమానమే రాలేదు. నూకమ్మ చెయ్యెత్తింది. కొడుతుందనే అనుకున్నాను. చంకలోని పేపరు తీసి ఆయన ముఖాన విసిరింది. "ఇన్నాళ్లూ నా పేరు ఎవులిచ్చారా అని తిండి మానేసి ఏడ్సినాను," అంది.

అప్పుడు నేను మాట్లాడక తప్పలేదు. "భూషణంగారూ, మీరు కోర్టుకొచ్చి చెబితే ఒక చిక్కుంది. పదిమందికీ చదివి వినిపించారు కాబట్టి మీ మీద కూడా దావా వేసే హక్కు ఈమెకుంది. పత్రిక వకీలు అదే పట్టుకుంటాడు."

ఆయన నూకమ్మను చూశాడు. "ఏస్తావేటి?"

"కోర్టులో అబద్ధమాడితే ఏస్తాను. నిజం సెప్పు, నీతో నాకు తగువు నేదు."

వాయిదా రోజు కోర్టు వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. బెంచీ మీద నూకమ్మ పక్కన, ఆంధ్ర సరిహద్దు దగ్గరి భేజ్జి నుంచి పొలం తగాదా మీద వచ్చిన ఇర్మె అనే దొర్ల తెగ ఆమె కూర్చుంది. ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి విరిచి నూకమ్మకు సగం ఇచ్చింది. ఇద్దరూ తింటూ, వకీళ్లు ఎంతకీ పిలవరని మమ్మల్ని తిట్టుకుంటూ కూర్చున్నారు. మా కేసు పిలిచినప్పుడు తనకేమీ తోచక ఇర్మె కూడా లోపలికి వచ్చి వెనక బెంచీలో నూకమ్మ పక్కనే చేరింది.

భూషణం చంకలో తన బైబిలు పెట్టుకుని బోనెక్కాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కార్డు, ఆరు కాపీలు, షెడ్డు, చదవడం, అన్నీ.

చక్రధరరావుగారు లేచారు. "ఆరు కాపీలు పంపామంటున్నారు. రుజువేమిటి?"

భూషణం బైబిలు తెరిచాడు. మాకెవరికీ చెప్పలేదు ఆ సంగతి. పత్రిక కట్ట మీద అంటించే చీటీలు పదకొండేళ్లుగా పేజీలకు గుర్తుగా పెట్టుకున్నాడట. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ప్రతి చీటీ మీదా పత్రిక ముద్ర, తేదీ, 'కిరండూల్ - 6'. బండి పడిన ఏడు ఆగస్టుది కూడా ఉంది. జడ్జిగారు బిలాస్‌పూర్ వైపు మనిషి, తెలుగు అక్షరం రాదు. కానీ అంకెలు, ముద్ర చూడ్డానికి తెలుగు అక్కర్లేదు.

చక్రధరరావుగారు మెత్తగానే దారి మార్చారు. "సరే, వచ్చిందే అనుకుందాం. పదిమందిలో పైకి చదివింది మీరు. అంటే ఈమె పరువు తీసింది మీరే కదా?"

"అవునండి, నానే తీసినాను," అన్నాడు భూషణం. "మీరు పంపకపోతే ఏటి తీద్దును?"

నేను నవ్వు ఆపుకోడానికి ఫైలు తిరగేశాను. చక్రధరరావుగారు ఇంకా వదల్లేదు. ఒక ముసలాయన గొణుక్కుంటే అది ప్రచారం కాదనీ, తెలుగు తెలిసినవాళ్లు ఈ జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరనీ వాదించారు. జడ్జిగారు కాసేపు విని, భూషణంతో అన్నారు: "ఆ రోజు ఎలా చదివారో ఇప్పుడు అలాగే చదవండి."

భూషణం నూకమ్మను చూశాడు. ఆమె లేచి నిలబడింది. "సదువు," అంది.

ఆయన చదివాడు. అదే చర్చి గొంతు. ఆ గది చాల్లేదు దానికి. వంటగది, ఇప్పసారా, గ్లాసులు, నూకమ్మ అనే వంటమనిషి. వరండాలో మాటలు ఆగిపోయాయి. కిటికీల దగ్గర తలలు చేరాయి. కోంట వైపు నుంచి వచ్చినవాళ్లు, పామేడు నుంచి వచ్చినవాళ్లు, బచేలి టౌన్‌షిప్ వాళ్లు. ఇంతమందికి తెలుగు వచ్చని నాకే తెలియదు. నూకమ్మ రెండు చేతులూ బిగించి, మొదటినుంచి చివరిదాకా తల దించకుండా నిలబడింది.

చదవడం ఆగగానే వెనక బెంచీలోంచి ఇర్మె గొంతు వినిపించింది.

"ఏంది, గీ అమ్మనేనా? డ్రైవర్లకు సారా పోసిందా? ఛీ! పిల్లలున్న మనుషులు తిరిగే బండ్లు కాదా అవి?"

అంటూనే బెంచీ మీద తన సంచీ దగ్గరికి లాక్కుని, నూకమ్మకు దూరంగా ఆ చివరికి జరిగిపోయింది.

నిజం చెప్పాలంటే, నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఎందుకంటే నూకమ్మ ముఖం అప్పుడే మొదటిసారి వణికింది. గంట కింద కంకి సగం విరిచి ఇచ్చిన మనిషి.

జడ్జిగారు ఆ చివరికి జరిగిన ఇర్మెను చూశారు, మధ్యలో ఖాళీ అయిన జాగాను చూశారు. ఆమె ఏమందో నన్ను కాకుండా చక్రధరరావుగారినే అడిగారు. పాపం, ఆయన నిజాయితీగానే అనువాదం చేశారు. "అయితే మీ మూడో పేరా సంగతేమిటి?" అన్నారు జడ్జిగారు. ఆ పేరా మీద ఇక వాదించనని చక్రధరరావుగారు చెప్పి కూర్చున్నారు.

అప్పలకొండను మళ్లీ బోనెక్కించమని నేను అడిగాను. కోర్టుకు ఆ అధికారముంది. ఈసారి ఆయన దేవత ఊసెత్తలేదు. "ఈ సదివింది ఇని ఘటం దించీసినాం, బాబూ," అన్నాడు. "నాను దగ్గరుండి దింపించినాను. నా ఇంటిదాన్ని కూడా ఆమె గుమ్మం తొక్కొద్దన్నాను. ఆ రోజు ఆమె పసుపు సీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాది. సూసి కూడా ఆగనేదు." తుండుతో ముఖం తుడుచుకున్నాడు. తుండుకీ ఎర్ర దుమ్మే.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఉత్తర్వు చదివారు. పత్రిక కిరండూల్ వచ్చింది, పంపినవాళ్లకు తెలిసే వచ్చింది. వాది పేరున్నది ఇక్కడ, ఆ పేరుకు దెబ్బ తగిలింది ఇక్కడ. దరఖాస్తు కొట్టివేయడమైనది, దావా ఈ కోర్టులోనే నడుస్తుంది. అరపేజీ ఉత్తర్వు. నేను నూకమ్మకు తెలుగులో చెబితే రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

వరండాలో చక్రధరరావుగారు మా దగ్గరికి వచ్చారు. "అమ్మా, ఇక్కడిదాకా తెచ్చుకున్నావు, మెచ్చుకుంటున్నాను. మావాళ్లతో మాట్లాడి పత్రికలో క్షమాపణ వేయిస్తాను. లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. కేసు వదిలెయ్యి."

నూకమ్మ ఆయన్ని కాసేపు చూసింది. అవతల బెంచీ మీద ఇర్మె ఇంకా కూర్చునే ఉంది, మా వైపు తిరగడం లేదు.

"బాబూ, అదుగో ఆయమ్మని సూడండి. నేటి పొద్దున్న దాకా నానెవుల్నో ఎరగదు. ఇప్పుడు నన్ను సూస్తే మొకం తిప్పుకుంటున్నాది. రేపు భేజ్జి ఎల్లి అక్కడ సెప్తాది. ఈ మాట ఇక్కడే తేలాలని నా పరువు తీసిన రాత నానే మళ్లా సదివించుకున్నాను. మీ నాలుగు వాక్యాలు ఆయమ్మ ఇంటికి ఎల్తాయేటి?"

చక్రధరరావుగారు ఫైలు సర్దుకున్నారు.

"ఆళ్ల ఎడిటరు రావాలి గదా ఇక, వాయిదాకి?" అని నన్నడిగింది.

"రావాలి. బోనెక్కాలి."

"రానీ. ఇశాపట్నంలో ఎక్కితే రాత్రికి దిగుతాడు. దంతెవాడలో ఆ యేళకి ఓటళ్లు ఉండవు, బండి కిరండూల్ దాకా వొస్తాది." చీర చెంగు బిగించి నడుముకు దోపుకుంది. "నా ఇంటికి తీసుకురా వకీలమ్మా. వొండి పెడతాను. అప్పలకొండ మావనీ, భూషణం అన్నయ్యనీ, ఆయమ్మనీ కూడా కూకోబెడతాను. నా సేతి అన్నం తిని, నా గిన్నెలో ఏటున్నాదో మర్నాడు జడ్జీగారికి ఆడి నోటితోనే సెప్పమను."